‘అమృతం’ మీద పేపరు రాయాలంటే

విజయనగరం జిల్లా ఎస్.కోటలో పనిచేసే డిగ్రీ కాలేజీ లెక్చరరో, పగలు బడిలో పాఠాలు చెప్పి రాత్రిళ్ళు దూరవిద్యలో ఎం.ఏ. చదువుకునే పంతులుగారో ‘అమృతం’ సీరియల్ మీద పరిశోధన పత్రం రాస్తానంటే ముందుగా వినిపించేది, ‘‘కామెడీ సీరియల్ మీద రాయడానికి ఏముందండీ?’’ అనే మాట. దానికి జవాబు ఇవ్వక్కర్లేదు. ఆరేళ్ళపాటు ఆదివారం రాత్రి తెలుగిళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టిన సీరియల్ గురించి రాయడానికి ఏముందో మీ పత్రమే చెబుతుంది. జాగ్రత్త పడాల్సింది రెండో మాట దగ్గర. ‘‘యూట్యూబులో ఎపిసోడ్లు ఉన్నాయి కదా, కూర్చుని చూసి రాసెయ్యండి’’ అంటారు. అనేది మన మేలు కోరేవాళ్ళే. కానీ ఆ సలహా పట్టుకుని రాస్తే సినిమా పేజీలో వేసుకునే సమీక్ష తయారవుతుంది.

యూట్యూబులో ఉన్నది బొమ్మ. ఆ ఎపిసోడ్ ఏ ఆదివారం వచ్చిందో, మధ్యలో ఏ ప్రకటనలు వేశారో, ఎంతమంది చూశారో, చూసినవాళ్ళు మర్నాడు ఏమనుకున్నారో ఆ వీడియోని అడిగితే చెప్పదు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో సాక్షి ఉంటాడు. ఎవరిని ఏది అడగాలో, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

అమెరికాలో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ మీద రాసేవాడికి ఈ బాధ తక్కువ. ఆ సీరియల్ మీద పుస్తకాలే అల్మరాలు నిండేటన్ని ఉన్నాయి. పాత టీవీ కార్యక్రమాలు దాచిపెట్టడానికని విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేకంగా భాండాగారాలున్నాయి. మన దేశంలో 1984లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘హమ్ లోగ్’ మీద అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ లాంటివాళ్ళు పనిచేశారు. ‘రామాయణం’ చుట్టూ నడిచిన రాజకీయాల మీద అరవింద్ రాజగోపాల్ 2001లో పుస్తకం వేశారు. ఆడవాళ్ళు దూరదర్శన్ సీరియళ్ళను ఎలా చూశారన్నదాని మీద పూర్ణిమా మంకేకర్ 1999లో రాశారు. ఇవన్నీ ఎక్కువగా హిందీ సీరియళ్ళ గురించి, అందులోనూ ఏడిపించే, నీతి చెప్పే సీరియళ్ళ గురించి. తెలుగులో, ప్రైవేటు ఛానెల్లో, నవ్వించడానికే తీసిన సీరియల్ దగ్గరికి వచ్చేసరికి అల్మరా పలచబడిపోతుంది. కాబట్టి మన పత్రానికి కావలసిన ఆధారాల్లో చాలా భాగం ఎక్కడా సిద్ధంగా దొరకవు. వాటిని మనమే పోగు చెయ్యాలి. ఉద్యోగం చేసుకుంటూ అది సాధ్యమేనా అంటే, ప్రశ్న చిన్నదైతే సాధ్యమే.

‘అమృతం సీరియల్‌లో హాస్యం: ఒక పరిశీలన’ అని పేరు పెట్టుకున్నారా, ఇక మునిగారు. మొదటి పది పేజీలూ భరతుడి నాట్యశాస్త్రానికి పోతాయి, తర్వాతి అయిదు గురజాడకి. విజయనగరం జిల్లా వాళ్ళం కదా, గురజాడని తలచుకోకుండా ఉండలేం. సీరియల్ దగ్గరికి వచ్చేసరికి పత్రం అయిపోతుంది. అలా కాకుండా ఒకే ఒక్క విషయం పట్టుకోండి. అద్దె వసూలుకి వచ్చే ఇంటి ఓనరు అప్పాజీని తీసుకుని, 2000 తర్వాత నగరంలో అద్దెకుండే మధ్యతరగతి బతుకు అందులో ఎలా కనబడిందో చూడొచ్చు. కథానాయకుడి వేషం వేసే నటుడు మారిపోయినా ఆ పాత్ర ఎలా నిలబడిందో చూడొచ్చు. లేదంటే అమృతవిలాస్ అనే ఆ నడవని హోటలు కథని నిజంగా హోటలు నడిపేవాళ్ళు ఎలా చూశారో అడగొచ్చు. ఎస్.కోటలో ఉన్నవాళ్ళకి ఈ మూడోది బాగా కలిసొస్తుందని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను.

314 ఆదివారాలు

ఏ పత్రమైనా రెండు మూడు వాక్యాల్లో వస్తువుని పరిచయం చెయ్యాలి. ‘అమృతం’ని తలపెట్టింది గుణ్ణం గంగరాజు. ‘లిటిల్ సోల్జర్స్’ సినిమా తీసినాయన. వాళ్ళ సంస్థ జస్ట్ ఎల్లో. ప్రసారం జెమినీ టీవీలో. తొలి ఎపిసోడ్ల దర్శకుడు చంద్రశేఖర్ యేలేటి. అమృతరావు పాత్రని వరసగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ పోషించారు. అతని స్నేహితుడు ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వరు సర్వంగా వాసు ఇంటూరి. మొదట్లో వచ్చే పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసింది, సంగీతం కల్యాణి మాలిక్. 2014లో గంగరాజే ‘అమృతం చందమామలో’ అని సినిమా తీశారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో మొదలైంది.

ఇక తేదీలు. అందరూ చెప్పే లెక్క ఇదీ: 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న ముగిసింది, మొత్తం 313 ఎపిసోడ్లు. ఈ వాక్యాన్ని అలాగే దించేసుకునే ముందు ఒక క్యాలెండరు పక్కన పెట్టుకోండి. ఆ రెండు తేదీలూ ఆదివారాలే, అంతవరకు బాగుంది. మొదటి రోజునీ చివరి రోజునీ కలుపుకుని లెక్కపెడితే మధ్యలో 314 ఆదివారాలు వస్తాయి. ఎపిసోడ్లేమో 313. అంటే ఆరేళ్ళలో కొత్త ఎపిసోడ్ లేకుండా పోయిన ఆదివారం ఒక్కటే అన్నమాట. సంక్రాంతులు వచ్చాయి, ఎన్నికలు వచ్చాయి, క్రికెట్ ప్రపంచకప్పులు వచ్చాయి, హీరో పాత్రకి మనుషులు మారారు. అయినా ఒక్క వారమే తప్పిందా? నిజంగానే అంత క్రమశిక్షణతో నడిచి ఉండొచ్చు. లేదా 313 అన్నది టేపులు లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాకుండా, ఎవరో వారాలు లెక్కేసి రాసిన సంఖ్య కావచ్చు. మొదటిదైతే అది పరిశ్రమ చరిత్రలో చెప్పుకోదగ్గ విషయం. రెండోదైతే మన పత్రంలో అది వాస్తవంగా రాయకూడని విషయం. వికీపీడియా పుటలో సంఖ్య దొరుకుతుంది, దాని వెనకున్న సాక్షి ఎవరో దొరకడు. తేల్చగలిగింది ఆనాటి దినపత్రికలో ‘నేటి టీవీ కార్యక్రమాలు’ అనే చిన్న పట్టిక. 314 ఆదివారాలూ చూడక్కర్లేదు. సంక్రాంతి దగ్గరున్న ఆదివారాలు, 2003, 2007 ప్రపంచకప్పు రోజుల్లోని ఆదివారాలు, 2004 ఎన్నికల ఫలితాల దగ్గరి ఆదివారం చూస్తే చాలు. వాటిలో ఎక్కడైనా ‘అమృతం’ బదులు సినిమా వేశారంటే మీ చేతిలో కొత్త సంగతి ఉన్నట్టే. పట్టికలో పేరున్నంత మాత్రాన కొత్త ఎపిసోడే వేశారని కాదు, పాతది మళ్ళీ వేసినా అదే పేరు ఉంటుంది. అదొకటి గుర్తుంచుకోండి.

ఏ పేపరు, ఏ ఏడు

పాత పేపర్లు వెతకడానికి వెళ్ళేముందు ఏ పేపరు ఏ ఏట ఉందో తెలుసుకుని బయల్దేరాలి. లేకపోతే బస్సు ఛార్జీలు దండగ. ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి 2002 అక్టోబరులో మళ్ళీ మొదలైంది. కాబట్టి ‘అమృతం’ మొదలైన వారం ఆంధ్రజ్యోతి కావాలని ఏ లైబ్రరీలో అడిగినా దొరకదు, అసలు లేదు గనక. సాక్షి 2008 మార్చిలో పుట్టింది, అప్పటికే సీరియల్ అయిపోయి నెలలు గడిచాయి. సాక్షిలో వచ్చేవన్నీ తర్వాతి జ్ఞాపకాలే. ఈనాడు, వార్త మాత్రం ఆ ఆరేళ్ళూ ఉన్నాయి. ఈనాడు పుట్టిందే మన విశాఖలో, 1974లో. అయితే ఈనాడు వాళ్ళకి 1995 నుంచి సొంతంగా ఈటీవీ ఉంది. జెమినీ వాళ్ళకి పోటీ. పోటీ ఛానెల్ సీరియల్ గురించి ఈనాడు ఎంత రాసింది, ఎంత వదిలేసింది అన్నది గమనించదగ్గ విషయమే. పేపర్లో రాలేదు కాబట్టి జనం పట్టించుకోలేదని మాత్రం అనుకోకండి. సినిమా వారపత్రికల సంగతీ అంతే. ‘సితార’ తిరగేసేటప్పుడు అదీ ఈనాడు వాళ్ళ పత్రికేనని మనసులో ఉంచుకోవాలి.

ఇంగ్లీషు పేపర్లలో ది హిందూ పని సులువు చేస్తుంది. దాని పాత వార్తలు 2000 నుంచి అంతర్జాలంలో తేదీల వారీగా ఉన్నాయి, ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. తెలుగు సినిమా వెబ్‌సైట్లలో ఐడిల్‌బ్రెయిన్ 1999 నుంచీ ఉంది.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటి ఉంది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో లేవు. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. పైకి తెలుగులాగే కనబడేది, లోపల మాత్రం గజిబిజి అక్షరాలు. అందుకని ఇవాళ గూగుల్లో ‘అమృతం జెమినీ’ అని తెలుగులో కొడితే ఆనాటి పుటలు రావు. రాలేదని అవి లేవనుకోకూడదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఆ పత్రిక పాత చిరునామా ఇచ్చి, తేదీ ఎంచుకుని, పుటలు ఒక్కొక్కటే తెరిచి చూడాలి. విసుగు పుట్టే పనే. అయినా కరెంటు ఉన్న రాత్రి ఒక గంట కూర్చుంటే కొన్నయినా దొరుకుతాయి. దొరికిన పుటని ఫొటో తీసి, దాని చిరునామా, చూసిన తేదీ రాసి పెట్టుకోండి. సీరియల్ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేటప్పుడు ‘హెచ్’ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, ‘రు’ బదులు ‘రి’ పెట్టి ఒకసారి వెతకాలి. 2002లో మణిరత్నం సినిమా ‘అమృత’ పేరుతో తెలుగులో వచ్చింది. ఆ ఏటి ఫలితాల్లో సగం దాని గురించే ఉంటాయి. పక్కన ‘గంగరాజు’ అనో ‘గుండు హనుమంతరావు’ అనో చేర్చితే ఆ గొడవ తగ్గుతుంది.

కాగితం పేపర్లకైతే ఊరు కదలక తప్పదు. మన శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికల్ని ఇరవై ఏళ్ళు దాచే వీలు లేదు, ఎప్పటికప్పుడు తూకానికి వెళ్ళిపోతాయి. విజయనగరంలో జిల్లా కేంద్ర గ్రంథాలయం, విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ: ఈ మూడింటినీ ముందు ఫోనులో పలకరించండి. ‘‘2001 నుంచి 2007 వరకు ఫలానా దినపత్రిక బైండింగులు ఉన్నాయా? బయటివాళ్ళకి చూపిస్తారా? ఫోనుతో ఫొటో తీసుకోనిస్తారా?’’ ఈ మూడు ప్రశ్నలూ అడగండి. కొత్తవలస, పెందుర్తి మీదుగా బస్సులో వెళ్ళి, ‘పర్మిషన్ లెటర్ ఏదండీ’ అనిపించుకుని తిరిగొచ్చే కంటే ఇది నయం. ఆ లెటరు కూడా ముందే సిద్ధం చేసుకోండి. మీ ప్రిన్సిపాల్‌గారో హెడ్మాస్టరుగారో సంతకం చేసి, ముద్ర వేసి, విషయం ఒక్క వాక్యంలో రాసిన కాగితం. ఉద్యోగస్తులకి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థ లైబ్రరీలకి వారపు సెలవు సాధారణంగా శుక్రవారం. అంటే మన సెలవురోజున, ఆదివారం, అవి తెరిచే ఉంటాయి. విశ్వవిద్యాలయం లైబ్రరీ వేళలు వేరు, అడిగి వెళ్ళాలి.

విశాఖ వెళ్ళిన రోజునే ఆంధ్ర విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖని కూడా పలకరించి రండి. ఎం.ఏ. విద్యార్థులు రాసే చిన్న ప్రాజెక్టులు ఎక్కడా అచ్చుకావు, అంతర్జాలంలోనూ కనబడవు. శాఖల అల్మరాల్లో ఉంటాయి. పీహెచ్‌డీ గ్రంథాలైతే శోధగంగ వెబ్‌సైట్‌లో వెతకాలి. తెలుగు టీవీ, సీరియళ్ళు, మహిళా ప్రేక్షకులు అన్న మాటలతో వెతికి, దొరికిన గ్రంథాల్లో ముందు చివరి పేజీలు చదవండి. ఎవరో అయిదేళ్ళు కష్టపడి తయారుచేసిన ఆధారాల పట్టిక అక్కడ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక్కొక్కటీ మీరే తెరిచి చూడాలి. చూడకుండా ఎత్తి రాసుకుంటే వాళ్ళ తప్పులూ మీ నెత్తికొస్తాయి.

సర్కారు కాలేజీలో పనిచేసేవాళ్ళకి ఇప్పుడు ఒక వెసులుబాటు వచ్చింది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి సుమారు 13,000 అంతర్జాతీయ పత్రికలు అందుబాటులోకి తెచ్చారు. మీ కాలేజీ నమోదైందో లేదో లైబ్రేరియన్‌గారిని అడగండి. ఎయిడెడ్ కాలేజీల వాళ్ళు ఎన్-లిస్ట్ గురించి అడగాలి. అవి దొరికినా దొరక్కపోయినా చదవాల్సినవి మూడు నాలుగే. సిట్‌కామ్ మీద బ్రెట్ మిల్స్ 2009లో వేసిన పుస్తకం, టీవీ గురించి రేమండ్ విలియమ్స్ 1974 పుస్తకం, తెలుగు పత్రికల వ్యాప్తి కోసం రాబిన్ జెఫ్రీ 2000లో వేసిన పుస్తకం, రామోజీ ఫిల్మ్‌సిటీ మీద శాంతికుమార్ వ్యాసం. సిద్ధాంతం అంతకు మించి పోగేస్తే పత్రం బరువెక్కుతుందే తప్ప గట్టిపడదు.

ఎపిసోడ్ చూడ్డం కూడా పనే

ఒక్కోటి ఇరవై నిమిషాలు అనుకున్నా అన్ని ఎపిసోడ్లూ చూడాలంటే వంద గంటలు దాటుతుంది. ఉద్యోగం, పిల్లలు, పెళ్ళిళ్ళు ఉన్నవాళ్ళకి అది కుదరదు, అవసరమూ లేదు. ముగ్గురు అమృతరావుల కాలాల నుంచీ కొన్ని కొన్ని తీసుకోండి. ఎలా తీసుకున్నారో పత్రంలో రాయండి. ‘నాకు నచ్చినవి’ అన్నది పద్ధతి కాదు. ‘ప్రతి కాలంలోంచీ హోటలు నడపడమే ప్రధాన కథగా ఉన్నవి’ అంటే పద్ధతి.

చూసేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి, కంప్యూటరు పట్టిక అయితే మరీ మంచిది. వీడియో పెట్టినవాళ్ళు ఇచ్చిన పేరు ఒక గడిలో, తెరమీద కనిపించిన పేరూ నంబరూ వేరే గడిలో రాయండి. రెండూ ఒకటే అయి ఉండాలని లేదు. ప్రసార తేదీ గడి ఖాళీగా వదిలెయ్యండి. పేపరు పట్టికతోనో మరో సాక్ష్యంతోనో తేలేవరకు అది ఖాళీగానే ఉండాలి. వీడియో ఎక్కించిన తేదీని ప్రసార తేదీ అనుకుని రాసేవాళ్ళున్నారు, పరీక్షకుడికి దొరికిపోతారు. టైటిల్స్‌లో పడే పేర్లన్నీ ఆపి రాసుకోండి. రచన ఎవరు, దర్శకత్వం ఎవరు అన్నదానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. నటులు ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పినదానికంటే ఆ నాలుగు సెకన్ల తెర నమ్మదగ్గది. చాలా వీడియోల్లో పాట కోసేసి, పేర్లు కూడా కోసేసి ఉంటారు. అప్పుడు ‘పేర్లు లేవు’ అనే రాయాలి, ఊహించి నింపకూడదు. మీరు ప్రస్తావించబోయే సన్నివేశం ఎన్నో నిమిషంలో ఉందో అప్పుడే రాసెయ్యండి. తర్వాత వెతుక్కోవడానికి పట్టే కాలం తలచుకుంటేనే నీరసం వస్తుంది.

ప్రకటనలు లేకపోవడం ఇంకో లోటు. రేమండ్ విలియమ్స్ చెప్పింది ఇదే: టీవీ చూడ్డమంటే ఒక కార్యక్రమం చూడ్డం కాదు, ప్రవాహంలో కూర్చోవడం. ముందు వచ్చింది, మధ్యలో వచ్చింది, తర్వాత వచ్చింది అన్నీ కలిసే ప్రేక్షకుడి అనుభవం. ఆ ప్రవాహం యూట్యూబులో లేదు. ఎవరింట్లోనైనా ఆ రోజుల్లో వీసీఆర్‌లో ఎక్కించుకున్న క్యాసెట్ బతికి ఉంటే, అందులో సబ్బు ప్రకటనతో సహా ఉంటుంది. విశాఖలో, విజయనగరంలో వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన పెట్టి చూడండి. దొరక్కపోతే నష్టం లేదు.

టీఆర్‌పీల గురించి ఒక్క మాట. ఆనాటి రేటింగులు టామ్ సంస్థవి. అవి ప్రధానంగా పట్టణాల ఇళ్ళలో పెట్టిన మీటర్ల లెక్కలు. పల్లెల్ని కూడా కలుపుకుని లెక్కించడం 2015లో బార్క్ వచ్చాకే మొదలైంది. అంటే ఎస్.కోట చుట్టుపక్కల ఊళ్ళలో ‘అమృతం’ ఎంతమంది చూశారన్నది ఏ రేటింగులోనూ లేదు. పత్రంలో ‘రాష్ట్రమంతటా మొదటి స్థానం’ అని రాసే ముందు ఆ రాష్ట్రంలో మనూరు ఉందో లేదో చూసుకోవాలి.

అవార్డుల సమాచారం మాత్రం ప్రభుత్వం దగ్గర ఉంటుంది. టీవీ నందులు ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ వ్యవహారం చూసింది చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ. ఏ ఏట ఎవరికి వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. విభజన తర్వాత పాత కాగితాలు ఎటువైపు వెళ్ళాయో తెలియక దరఖాస్తు తిరిగే అవకాశముంది గనక, వీలైతే రెండు రాష్ట్రాలకీ పెట్టండి. ప్రైవేటు ఛానెల్‌కి ఈ చట్టం పనికిరాదు. జెమినీ వాళ్ళనో నిర్మాణ సంస్థనో అడగాలంటే మర్యాదగా ఉత్తరం రాయడమే మార్గం. ఉత్తరంలో ‘మీ సీరియల్ గురించి వివరాలన్నీ పంపగలరు’ అని రాస్తే ఎవరూ జవాబివ్వరు. ‘ఫలానా ఎపిసోడ్ స్క్రిప్టు రాతప్రతి మీ దగ్గర ఉందా?’ అని ఒక్కటే అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ.

మన ఊళ్ళో సాక్షులు

ఇప్పుడు ఎస్.కోట సంగతి. అరకు వెళ్ళే దారి మీద ఉన్న ఊరు. పొద్దున్నే కొండెక్కే బండ్లు టిఫిను కోసం ఇక్కడ ఆగుతాయి. ఇక్కడ హోటలు నడిపేవాళ్ళకి అమృతవిలాస్ కష్టాలు కథ కాదు. సర్వరు రాని రోజు, పిండి పులిసిపోయిన రోజు, అరువు పెట్టినవాడు అవతలి వీధిలోంచి వెళ్ళిపోయే రోజు వాళ్ళకి తెలుసు. అలాంటి వాళ్ళు అయిదారుగురికి ఒక్కో ఎపిసోడ్ చూపించి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ‘ఇలా ఉండదండీ’ అన్నారో రాసుకుంటే, హైదరాబాదులో కూర్చుని రాసేవాడికి అది దొరకదు. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు లోపల వెళ్ళండి. పొద్దున్న టిఫిను వేళకి వెళ్తే మీరు పరిశోధకులు కారు, గిరాకీకి అడ్డం.

కేబుల్ ఆపరేటరు ఇంకో ముఖ్యమైన సాక్షి. ఆ ఏళ్ళలో ఊళ్ళో ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో, నెలకి ఎంత వసూలు చేసేవారో, జెమినీ ఏ నంబరు మీద వచ్చేదో, కరెంటు పోతే జనం ఎవర్ని తిట్టేవారో ఆయనకి తెలుసు. పాత వసూలు పుస్తకం అటక మీద ఉంటే మరీ అదృష్టం. చందాదారుల పేర్లు మాత్రం పత్రంలోకి రాకూడదు. మీకు కావలసింది సంఖ్యలే.

మాట్లాడించే పద్ధతి గురించి రెండు జాగ్రత్తలు. ఒకటి, ‘మీకు అమృతం నచ్చిందా?’ అని అడగకండి. అందరూ ‘ఆఁ, బావుండేదండీ’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ‘అప్పుడు టీవీ ఎవరింట్లో ఉండేదండీ? ఆదివారం రాత్రి ఎవరెవరు కూర్చునేవారు? పిల్లలకి మర్నాడు బడి కదా?’ అని అడగండి. ఇల్లు, మనుషులు, వేళ గుర్తుకొస్తే మిగతాది అదే వస్తుంది. రెండు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి. ‘‘అప్పుడు మాకు టీవీ నేదండీ, పక్కింటోళ్ళింటికి ఎల్లి సూసీవోళ్ళం’’ అన్న మాటని దిద్ది, ‘మేము పొరుగింటికి వెళ్ళి వీక్షించేవారము’ అని మార్చారంటే ఆ మనిషిని పత్రంలోంచి తీసేసినట్టే. ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి. అడిగినట్టు ఆ రికార్డింగు మొదట్లోనే వినబడాలి. చదువు రాని పెద్దవాళ్ళ చేత కాగితం మీద వేలిముద్ర వేయించడం కంటే ఇదే మర్యాద.

సీరియల్ తీసినవాళ్ళతో మాట్లాడే అవకాశం వస్తే వదులుకోవద్దు, ఆలస్యమూ చెయ్యొద్దు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోయారు. సిరివెన్నెల 2021 నవంబరులో పోయారు. వాళ్ళని ఇక అడగలేం. మిగిలినవాళ్ళతో ఫోనులో పదిహేను నిమిషాలు దొరికినా, తేదీలు, సంఖ్యలు అడిగి ఆ కాలాన్ని పాడుచెయ్యకండి. అవి పేపర్లలో దొరుకుతాయి. ఒక ఎపిసోడ్ రాసేదెక్కడ, ఎన్ని రోజుల్లో తీసేవారు, వంటకాలు నిజంగా వండేవారా, హీరో మారినప్పుడు డైలాగులు మార్చారా: ఇలాంటివి వాళ్ళు తప్ప ఎవరూ చెప్పలేరు. టీవీ, యూట్యూబు ఇంటర్వ్యూల్లో ఇప్పటికే చెప్పిన కథలు మళ్ళీ చెప్పించుకోవద్దు. చెప్పీ చెప్పీ ఆ కథలు నున్నగా అరిగిపోయి ఉంటాయి.

అచ్చు వేయించేటప్పుడు

పత్రం రాశాక ‘మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత పంపండి’ అని వాట్సాప్‌లో సందేశాలు వస్తాయి. పంపకండి. యూజీసీ తన కేర్ జాబితాని 2025లో ఎత్తేసింది. ఇప్పుడు పత్రిక మంచిచెడ్డలు తేల్చుకోవాల్సింది మనమూ, మన కాలేజీ. ఐఎస్ఎస్ఎన్ ఉన్నంత మాత్రాన మంచి పత్రిక కాదు. సంపాదకవర్గంలో ఉన్నవాళ్ళు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారా, వాళ్ళకి ఈ పత్రిక సంగతి తెలుసా అని ఇద్దరికి ఈమెయిలు పెట్టి చూడండి. పాత సంచికల్లో మూడు వ్యాసాలు చదవండి. ప్రమోషన్ కోసమే రాస్తున్నా సరే, ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు ఆ పత్రికని తెరిచి చూస్తారు.

తెరమీది బొమ్మలు వాడుకోవాలంటే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పరిశోధనకీ, విమర్శకీ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. చర్చించే సన్నివేశానికి ఒకటీ రెండు బొమ్మలు, కింద ఎవరిదో రాసి పెట్టడం ఆ మేరలోదే. ఎపిసోడ్ మొత్తం దించుకుని విద్యార్థుల గ్రూపులో పంచడం ఆ మేర దాటినట్టే. పాట పల్లవి మొత్తం ఎత్తి రాయాలని అనిపిస్తుంది, ఆపుకోండి.

పత్రం అచ్చయ్యాక ఎస్.కోటలో మీరు చేసిన రికార్డింగులు, పట్టికలు, పేపరు పుటల ఫొటోలు ఫోనులోనే వదిలెయ్యకండి. ఫోను మారితే పోతాయి. ఫైలు పేరు ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత ‘హోటలు’, ‘కేబుల్’ లాంటి గుర్తు పెట్టి, అనుమతి రికార్డింగులతో కలిపి ఒక కాపీ మీ కాలేజీ లైబ్రరీకి, ఒకటి ఆంధ్ర విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖకి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు రాయించుకోండి. ఆ రసీదు నంబరు మీ తర్వాతి పత్రంలో ఆధారంగా చూపించుకోవచ్చు.